బర్న్-ఇన్ భయం: ఓఎల్‌ఈడీ టీవీ తెర మీద మచ్చ ఎందుకు పడుతుంది, ఎవరికి పడుతుంది

కొత్త టీవీ కొనాలని నలుగురిని సలహా అడిగితే, ఓఎల్‌ఈడీ (వెనక దీపం లేకుండా ప్రతి పిక్సెలూ తానే వెలిగే తెర) దగ్గరికి వచ్చేసరికి మాట రెండుగా చీలిపోతుంది. బొమ్మ అద్భుతం, మారు ఆలోచించకుండా తీసుకోమనేవారు కొందరు. రెండేళ్లకే చానల్ లోగో తెర మీద అచ్చుపడి డబ్బు దండగ అవుతుందనేవారు ఇంకొందరు. రెండు వర్గాల దగ్గరా ఉదాహరణలున్నాయి. ఒకరి టీవీ ఐదారేళ్లుగా చిన్న మచ్చ కూడా లేకుండా నడుస్తుంటుంది. అదే మోడల్ ఇంకొకరి దగ్గర రెండు మూడేళ్లకే వార్తా చానల్ ఆనవాళ్లతో కనిపిస్తుంది. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ టీవీ మీద రోజూ ఏం నడిచింది, ఎంత వెలుతురుతో నడిచింది, మొత్తం ఎన్ని గంటలు నడిచింది అన్న మూడు సంగతులు తెలిస్తే ఈ రెండు అనుభవాలకూ పొంతన కుదురుతుంది.

జరిగేది అసమానమైన అరుగుదల

వెలుగునిచ్చే ప్రతి పదార్థమూ వాడేకొద్దీ కొంచెం కొంచెంగా మసకబారుతుంది. తెర మొత్తం ఒకే తీరుగా మసకబారితే దాన్ని మనం గుర్తు కూడా పట్టం. బ్రైట్‌నెస్ ఒక మెట్టు పెంచుకుని చూసేస్తాం. ఒక మూల ఉన్న పిక్సెల్స్ మాత్రం మిగతా వాటికన్నా ఎక్కువ గంటలు, ఎక్కువ వెలుతురుతో పనిచేస్తే అక్కడే చిక్కు వస్తుంది. అవి పక్కవాటికన్నా ముందుగా అరుగుతాయి. ఆ తర్వాత తెరంతా ఒకే రంగు చూపించమన్నా, ఆ మూల కాస్త మసకగానో కాస్త వేరే రంగుగానో కనిపిస్తుంది. గోడకు ఏళ్ల తరబడి వేలాడిన ఫొటో తీసేస్తే వెనక ముదురు చతురస్రం బయటపడుతుంది. గోడ రంగు వెలిసిపోయిందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. బర్న్-ఇన్ కూడా అంతే. కంటికి కనిపించేది అరుగుదల కాదు, ఇక్కడికీ అక్కడికీ ఉన్న తేడా.

ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలా అపోహలు వాటంతటవే విడిపోతాయి. ఉదాహరణకు, సినిమా ఆపి అరగంట ఫోన్ మాట్లాడితే తెర పాడైపోతుందని కొందరికి పెద్ద టెన్షన్. అరుగుదల ఏళ్ల తరబడి పోగయ్యే లెక్క కాబట్టి, ఆ అరగంట వాటా లెక్కలోకి రానంత చిన్నది. మరోవైపు, మధ్యమధ్యలో చానల్ మారుస్తూ ఉంటే ఏమీ కాదన్న ధీమా కూడా సగమే నిజం. చానల్ మార్చినంత మాత్రాన పాత అరుగుదల చెరిగిపోదు. ఆ లోగో నిన్న గంట, ఇవాళ గంట, రేపు గంట కనిపించినా మూడు గంటలూ ఒకే ఖాతాలో జమ అవుతాయి.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఓఎల్‌ఈడీలో నల్ల రంగు చూపే పిక్సెల్ ఆరిపోయి ఉంటుంది కాబట్టి అరగదు. అందుకే వెడల్పాటి సినిమాలకు పైనా కిందా వచ్చే నల్ల పట్టీలు మచ్చ పడే చోట్లు కావు. పట్టీల కింద ఉన్న భాగం కొత్తగా మిగిలిపోయి, మధ్య భాగం ఎక్కువగా అరుగుతుంది. పాత తరహా 4:3 కార్యక్రమాలే ఎక్కువగా చూసే తెర మీద, ఎడమా కుడీ అంచులు మధ్య భాగం కన్నా కాస్త ప్రకాశంగా కనిపించడానికి ఇదే కారణం.

వచ్చి పోయే నీడ వేరు, పోని మచ్చ వేరు

గందరగోళంలో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్లే వస్తోంది. తెర మీద బొమ్మ మారిన తర్వాత కూడా పాత బొమ్మ నీడ కాసేపు నిలిచి, నిమిషాల్లోనో గంటల్లోనో పోతే దాన్ని ఇమేజ్ రిటెన్షన్ అంటారు. అక్కడ పదార్థం అరగలేదు. పిక్సెల్‌కు కరెంటు అందించే చిన్న ట్రాన్సిస్టర్ ప్రవర్తన తాత్కాలికంగా కాస్త అటూ ఇటూ అయిందన్నమాట. తెరకు విశ్రాంతినిస్తే సర్దుకుంటుంది. వెలుగునిచ్చే పదార్థమే శాశ్వతంగా క్షీణించి, ఏం చేసినా ఆ నీడ పోకపోతే అది బర్న్-ఇన్.

రెండూ మొదటి చూపులో ఒకేలా ఉంటాయి. తేడా తేలేది పరీక్షించి చూసినప్పుడే. గది చీకటి చేసి తెర నిండా బూడిద రంగు, తర్వాత ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే మచ్చ ఏ రంగులో బయటపడుతుందో తెలుస్తుంది. ఎర్ర లోగో ఏళ్ల తరబడి నిలిచిన చోట ఎర్ర సబ్‌పిక్సెల్స్ (ఒక్కో పిక్సెల్‌లో ఒక్కో రంగు ఇచ్చే చిన్న భాగాలు) అరిగి ఉంటాయి. అందువల్ల ఆ చోటు ఎరుపు, పసుపు తెరల మీద మసకగా, బూడిద తెర మీద కొంచెం నీలి ఆకుపచ్చ ఛాయతో కనిపిస్తుంది. నీలం తెర పెడితే అదే మచ్చ దాదాపు మాయమవుతుంది. మామూలు సినిమా నడుస్తున్నప్పుడు ఇదేదీ కంటపడకపోవచ్చు. ఆటల ప్రసారంలో కెమెరా మైదానం మీదుగా తిరిగినప్పుడో, కార్టూన్‌లో ఒకే రంగు ఆకాశం వచ్చినప్పుడో ఉన్నట్టుండి బయటపడుతుంది. చాలామంది మొదట గమనించేది ఆ క్షణంలోనే.

సీఆర్‌టీ నుంచి ప్లాస్మా దాకా

ఈ భయం ఓఎల్‌ఈడీతో పుట్టింది కాదు. పాత డబ్బా (సీఆర్‌టీ) టీవీల్లోనూ, కంప్యూటర్ మానిటర్లలోనూ ఎలక్ట్రాన్ల తాకిడికి వెలిగే ఫాస్ఫర్ పూత ఉండేది. ఏటీఎంల తెరల మీద, వీడియో గేమ్ యంత్రాల మీద ఒకే మెనూ ఏళ్లకేళ్లు నిలిచి, యంత్రం ఆపేసినా అక్షరాలు కనిపించేవి. స్క్రీన్‌సేవర్లు పుట్టింది ఆ బాధ తప్పించడానికే. తర్వాత ప్లాస్మా టీవీలూ ఫాస్ఫర్‌నే వాడాయి కాబట్టి ఆ సమస్య వాటికీ సంక్రమించింది. పానసోనిక్ 2013 చివరికల్లా ప్లాస్మా తయారీ ఆపేసింది. 2014లో శాంసంగ్, ఎల్‌జీ కూడా తప్పుకున్నాయి. అవి పోవడానికి బర్న్-ఇన్ ఒక్కటే కారణం కాదు. కరెంటు ఖర్చు, బరువు, చౌకగా వచ్చిన ఎల్‌సీడీ పోటీ అన్నీ కలిశాయి. అయితే కొనేవారి మనసులో ఆ భయం మాత్రం అలాగే మిగిలిపోయింది. 2013లో ఎల్‌జీ 55 అంగుళాల ఓఎల్‌ఈడీ టీవీని అమ్మకానికి తెచ్చినప్పుడు పాత ప్రశ్న మళ్లీ లేచింది.

పేర్ల చిక్కు

ముందుకు వెళ్లే ముందు అక్షరాల గజిబిజి ఒకటి తేల్చుకోవాలి. దుకాణంలో "ఎల్‌ఈడీ టీవీ" అని అమ్మేది నిజానికి ఎల్‌సీడీ టీవీయే. వెనక లైటింగ్‌కు ఎల్‌ఈడీలు వాడతారు, అంతే. "క్యూఎల్‌ఈడీ" అని రాసి ఉన్నదీ ఎల్‌సీడీయే. రంగులు మెరుగుపరచడానికి మధ్యలో క్వాంటం డాట్ల (పడిన వెలుగు రంగును మార్చే అతి సూక్ష్మ కణాల) పొర చేరుస్తారు. "మినీ ఎల్‌ఈడీ" కూడా ఎల్‌సీడీయే, వెనక దీపాలు చిన్నవి, సంఖ్యలో ఎక్కువ. "ఓఎల్‌ఈడీ", "క్యూడీ-ఓఎల్‌ఈడీ" మాత్రం వేరే జాతి. వాటిలో వెనక దీపం లేదు, ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలుగుతుంది. మనం మాట్లాడుకుంటున్న బర్న్-ఇన్ ప్రధానంగా ఈ రెండో జాతి సమస్య. క్యూఎల్‌ఈడీకీ క్యూడీ-ఓఎల్‌ఈడీకీ పేరులో తేడా ఎంత చిన్నదో, తెర అరిగే తీరులో తేడా అంత పెద్దది.

ఓఎల్‌ఈడీ లోపల ఏం జరుగుతుంది

ఓఎల్‌ఈడీలో వెలుగునిచ్చేది కార్బన్ ఆధారిత సేంద్రియ పదార్థం. కొడాక్ సంస్థలో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో దీని తొలి సమర్థమైన రూపాన్ని ప్రకటించారు. పలుచని పొరల్లోంచి కరెంటు వెళ్లినప్పుడు అణువులు శక్తిని పుంజుకుని, దాన్ని వెలుగుగా వదిలేస్తాయి. కోట్లాది సార్లు ఇలా జరిగేటప్పుడు, అప్పుడప్పుడు ఒక అణువు వెలుగివ్వడానికి బదులు విరిగిపోతుంది. విరిగిన అణువు మళ్లీ వెలగదు. పైగా చుట్టుపక్కల అణువుల శక్తిని కూడా మింగేస్తుంది. అరుగుదల అంటే ఈ విరిగిన అణువులు పెరగడమే. వేడి తోడైతే ఈ పని ఇంకా వేగంగా సాగుతుంది.

మూడు ప్రాథమిక రంగుల్లో నీలానిది అన్నిటికన్నా పెద్ద కష్టం. నీలి కాంతి కణంలో ఎరుపు, ఆకుపచ్చల కన్నా ఎక్కువ శక్తి ఉంటుంది. అంత శక్తిని మోసే అణువులో బంధాలు తెగే అవకాశమూ ఎక్కువే. అందుకే ఎరుపు, ఆకుపచ్చలకు తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగునిచ్చే ఫాస్ఫరెసెంట్ పదార్థాలు ఎప్పుడో వాడుకలోకి వచ్చినా, నీలానికి మాత్రం చాలాకాలం తక్కువ సామర్థ్యమున్న ఫ్లోరెసెంట్ పదార్థంతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

టీవీ ప్యానెల్స్ తయారుచేసేవారు ఈ ఇబ్బందిని రెండు దారుల్లో దాటారు. ఎల్‌జీ డిస్‌ప్లే అన్ని పిక్సెల్స్‌లోనూ తెల్లటి వెలుగునే పుట్టించి, ముందు రంగు ఫిల్టర్లు పెట్టింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు ఫిల్టరే లేని నాలుగో తెల్ల సబ్‌పిక్సెల్ కూడా ఉంటుంది. తెర మీద తెలుపు, బూడిద రంగులు వచ్చినప్పుడు భారం చాలావరకు ఆ నాలుగోదే మోస్తుంది. ఫిల్టర్ చాలా వెలుగును మింగేస్తుంది కాబట్టి ముదురు ఎరుపు చూపాలంటే మాత్రం ఆ సబ్‌పిక్సెల్ మీద గట్టి ఒత్తిడి పడుతుంది. తొలి తరాల్లో ఎర్ర లోగోలే ఎక్కువ మచ్చలు మిగల్చడం యాదృచ్ఛికం కాదు. 2018 ప్యానెల్స్‌లో ఎర్ర సబ్‌పిక్సెల్ పరిమాణం పెంచారు. విస్తీర్ణం పెరిగితే అదే వెలుగుకు ప్రతి చోటా కాస్త తక్కువ కరెంటు చాలు.

శాంసంగ్ డిస్‌ప్లే దారి వేరు. 2022లో టీవీల్లోకి వచ్చిన క్యూడీ-ఓఎల్‌ఈడీలో నీలి వెలుగు ప్రధానం. దాన్ని క్వాంటం డాట్లు ఎరుపుగా, ఆకుపచ్చగా మారుస్తాయి. ఫిల్టర్‌లో వెలుగు వృథా కాదు కాబట్టి రంగులు నిండుగా వస్తాయి. తెల్ల సబ్‌పిక్సెల్ లేకపోవడం వల్ల తెలుపు చూపాలంటే మూడు రంగులూ కలిసి వెలగాల్సిందే. ఏ దారి మేలో ఒక్క ముక్కలో తేల్చలేం. ముదురు రంగుల లోగో ముందు మొదటిదానికి కష్టం. తెల్లటి లోగో ముందు రెండోదానికి ఆ నాలుగో సబ్‌పిక్సెల్ తోడు దొరకదు.

లోగోను దగ్గరగా చూస్తే

అన్ని లోగోలూ ఒకటి కావు. వెనకున్న బొమ్మ కనిపించేంత పలుచని బూడిద రంగు లోగో, దాని చుట్టూ ఉన్న పిక్సెల్స్‌తో దాదాపు సమానంగానే వెలుగుతుంది. తేడా తక్కువ, మచ్చ పడే వేగమూ తక్కువే. గట్టి ఎరుపు పెట్టెలో తెల్ల అక్షరాలున్న లోగో సంగతి వేరు. అది చీకటి సన్నివేశంలో కూడా అంతే వెలుతురుతో నిలుచుంటుంది.

వార్తా చానళ్లలో కింద పరుగెత్తే స్క్రోలింగ్ విషయంలో చాలామంది పొరబడతారు. అక్షరాలు కదులుతున్నాయి కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. అక్షరాలు కదులుతాయి, నిజమే. వాటి వెనకున్న రంగు పట్టీ మాత్రం అంగుళం కూడా కదలదు. పట్టీ పై అంచు ఎప్పుడూ ఒకే వరుస పిక్సెల్స్ మీద పడుతుంది. కొన్నేళ్లు నడిచిన తెర మీద మొదట తేలేది చాలాసార్లు ఆ అడ్డగీతే. సమయం చూపించే పెట్టె, "లైవ్" అన్న గుర్తు, వీడియో గేముల్లో మూలనుండే స్కోరూ, పటమూ ఇదే కోవలోకి వస్తాయి. సబ్‌టైటిల్స్ కూడా ఒకే చోట వస్తాయి కానీ, అక్షరాలు ప్రతి రెండు మూడు సెకన్లకూ మారుతుంటాయి. మధ్యలో ఖాళీలూ ఎక్కువ. అందుకని వాటి ప్రభావం అంత పదునుగా ఉండదు.

ఒక లెక్క వేసి చూద్దాం

కింది అంకెలు ఏ కంపెనీ ప్యానెల్‌వీ కావు. లెక్క నడిచే తీరు చూపడానికి తీసుకున్నవి.

లోగో ఉన్న చోట పిక్సెల్స్ ఆ వెలుతురులో 10,000 గంటలు పనిచేస్తే 10 శాతం మసకబారతాయి అనుకుందాం. చుట్టుపక్కల పిక్సెల్స్ సగటున అందులో సగం వెలుతురుతో పనిచేస్తాయి అనుకుందాం. వెలుతురు సగమైతే అరుగుదల కూడా సగమవుతుందని అనిపిస్తుంది కానీ, నిజానికి అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. ఓఎల్‌ఈడీ పదార్థాల మీద జరిగిన ప్రయోగాల్లో ఈ సంబంధపు ఘాతాంకం (వెలుతురు రెట్టింపైతే అరుగుదల 2కు ఎంత ఘాతం మేర పెరుగుతుందన్న అంకె) సాధారణంగా 1.5 నుంచి 2 వరకు కనిపిస్తుంది. 1.5 తీసుకుంటే, సగం వెలుతురులో పిక్సెల్ సుమారు 2.8 రెట్లు నెమ్మదిగా అరుగుతుంది. అంటే లోగో చోట 10 శాతం పోయే కాలంలో పక్కన పోయేది సుమారు 3.5 శాతం. తేడా 6.5 శాతం.

పదునైన అంచు ఉంటే మన కన్ను 1 నుంచి 2 శాతం వెలుతురు తేడాను కూడా పట్టేస్తుంది. 2 శాతం దగ్గర మచ్చ కనిపించడం మొదలవుతుందనుకుంటే, అది సుమారు 3,100 గంటలకు వస్తుంది.

ఇప్పుడు మనుషుల్ని తీసుకుందాం. రోజుకు 4 గంటలు ఒకే వార్తా చానల్ చూసేవారికి ఏడాదికి 1,460 గంటలు. వాళ్లకు రెండేళ్లు దాటగానే మచ్చ మొదలవుతుంది. అదే చానల్‌ను రోజుకు గంటే చూసి, మిగతా సమయం సినిమాలకు ఇచ్చేవారికి ఏడాదికి 365 గంటలు. వాళ్లకు ఎనిమిదేళ్లు దాటాలి. మొదటి మనిషే బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూసి ఉంటే రెండేళ్లు కాస్తా దాదాపు ఆరేళ్లవుతుంది. ఒకే టీవీ, ఒకే చానల్, మూడు వేర్వేరు జవాబులు. మొదట్లో చెప్పుకున్న రెండు వర్గాల వాదన ఇక్కడే పుట్టింది.

నిజ జీవితంలో లెక్క ఇంత సాఫీగా ఉండదు. అరుగుదల మొదటి గంటల్లో కాస్త వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుంది. నాలుగు వేర్వేరు చానళ్లు చూస్తే లోగోలు నాలుగు చోట్లకు సర్దుకుంటాయనుకుంటాం. అవన్నీ ఒకే మూలన ఉంటే ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎండ బాగా పడే గదిలో బొమ్మ కనిపించాలని బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే, వేడీ వెలుతురూ రెండూ కలిసి పనిచేస్తాయి. లెక్క దిశ మాత్రం మారదు.

లక్ష గంటలన్న మాటకు అర్థం

ఓఎల్‌ఈడీ టీవీల ఆయుష్షు మొదట్లో 36,000 గంటలని, తర్వాత లక్ష గంటలకు పెరిగిందని ఎల్‌జీ చెప్పింది. రోజుకు 10 గంటలు చూసినా లక్ష గంటలంటే 27 ఏళ్లు. వినడానికి ఇక చింతే లేదనిపిస్తుంది. అయితే ఇలాంటి అంకె సాధారణంగా తెర వెలుతురు మొదటి రోజుతో పోలిస్తే సగానికి పడిపోయే సమయాన్ని చెబుతుంది. బర్న్-ఇన్ కనిపించడానికి 50 శాతం తగ్గుదల అక్కర్లేదు. పక్క పిక్సెల్‌తో 2 శాతం తేడా చాలు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. తెర మొత్తం ఎన్నాళ్లు వెలుగుతుందన్నదానికి లక్ష గంటలు జవాబు. తెర ఎన్నాళ్లు ఒకే తీరుగా వెలుగుతుందన్నదానికి ఆ అంకె ఏమీ చెప్పదు. ప్రకటనల్లో మొదటిదే కనిపిస్తుంది. కొనేవారిని నిజంగా వేధించేది రెండోది.

పరీక్షలు ఏం తేల్చాయి

కెనడాకు చెందిన ఆర్‌టింగ్స్ అనే టీవీల సమీక్షా సంస్థ 2018లో ఆరు ఎల్‌జీ ఓఎల్‌ఈడీ టీవీలను వరుసగా పెట్టి, రోజుకు 20 గంటలు నడిపింది. ఒక్కోదాని మీద ఒక్కో తరహా కార్యక్రమం. వార్తా చానల్‌ను రెండు టీవీల మీద పెట్టారు, ఒకదానిలో వెలుతురు 200 నిట్స్‌కు (నిట్ అంటే తెర వెలుతురు కొలమానం) కట్టడి చేసి, ఇంకోదానిలో పూర్తిగా పెంచి. 9,000 గంటలు గడిచేసరికి వార్తా చానల్ నడిచిన టీవీల మీదా, ఫుట్‌బాల్ వీడియో గేమ్ నడిచిన దాని మీదా మచ్చలు స్పష్టంగా పడ్డాయి. దృశ్యాలు ఎప్పటికప్పుడు మారే కార్యక్రమాలు నడిచిన వాటి మీద అలాంటి గుర్తులు కంటికి ఆనలేదు. రోజుకు 5 గంటల చొప్పున చూస్తే 9,000 గంటలంటే దాదాపు ఐదేళ్లు.

అదే ఏడాది దక్షిణ కొరియాలోని ఇంచియాన్ విమానాశ్రయంలో విమానాల వేళలు చూపడానికి పెట్టిన ఓఎల్‌ఈడీ టీవీలు నెలల వ్యవధిలోనే బర్న్-ఇన్‌కు గురై, వాటి స్థానంలో ఎల్‌సీడీలు పెట్టాల్సి వచ్చిందని వార్తలొచ్చాయి. ఒకే పట్టిక రోజంతా కదలకుండా నిలిచే చోట అంతకన్నా భిన్నంగా జరగడానికి ఆస్కారం లేదు.

ఆర్‌టింగ్స్ 2022 చివర్లో వంద టీవీలతో ఇంకా పెద్ద పరీక్ష మొదలుపెట్టింది. తొలి తరం క్యూడీ-ఓఎల్‌ఈడీ టీవీల మీద గుర్తులు త్వరగా కనిపించడంతో, తెల్ల సబ్‌పిక్సెల్ లేకపోవడమే కారణమని ఎల్‌జీ డిస్‌ప్లే తన వాదన వినిపించింది. ఆ మాట చెబుతున్నది పోటీదారు అన్నది కూడా చదివేవారు గుర్తుంచుకోవాలి.

ఈ పరీక్షలను ఎలా చదవాలన్నదానిపై రెండు అభిప్రాయాలున్నాయి, రెంటిలోనూ పస ఉంది. ఏ ఇంట్లోనూ టీవీ రోజుకు 20 గంటలు ఒకే చానల్‌తో నడవదు, అంతసేపు వేడెక్కదు, కాబట్టి ఇది అతిశయోక్తి పరీక్ష అనేది ఒక మాట. పదేళ్ల వాడకాన్ని రెండేళ్లలో చూడాలంటే ఇంతకన్నా దారి లేదని, వేర్వేరు కార్యక్రమాల మధ్య తేడా మాత్రం నమ్మదగిందేనని ఇంకో మాట. నాకు రెండోదే ఎక్కువ సబబుగా తోస్తుంది. మీ తెర మీద మచ్చ ఏ నెలలో పడుతుందో ఆ పరీక్ష చెప్పలేదు. ఎవరి తెర మీద ముందు పడుతుందో మాత్రం బాగానే చెబుతుంది.

టీవీ తనను తాను ఎలా కాపాడుకుంటుంది

ఈ రోజుల్లో ఓఎల్‌ఈడీ టీవీ చేసే పనుల్లో చాలావరకు మనకు తెలియకుండానే జరుగుతాయి. బొమ్మ మొత్తాన్ని కొద్ది పిక్సెల్స్ అటూ ఇటూ జరుపుతూ ఉంటుంది. దీనివల్ల మచ్చ అంచు పదును తగ్గి, కంటికి త్వరగా దొరకదు. అరుగుదల మాత్రం ఆగదు. కదలని లోగోను గుర్తుపట్టి అక్కడి వెలుతురు తగ్గిస్తుంది. చాలాసేపు బొమ్మ కదలకపోతే తెర మొత్తాన్ని మెల్లగా మసకబారుస్తుంది. కొందరు వాడకందారులు టీవీ చెడిపోయిందని ఫిర్యాదు చేసేది దీని గురించే.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాంపెన్సేషన్, అంటే పిక్సెల్స్ మధ్య తేడాలను సరిచేసుకోవడం. మొత్తం మీద 4 గంటలు నడిచిన తర్వాత రిమోట్‌తో ఆపగానే, ఎల్‌జీ టీవీలు స్టాండ్‌బైలో కొన్ని నిమిషాల పాటు ఈ పని చేసుకుంటాయి. పిక్సెల్స్‌కు కరెంటు అందించే ట్రాన్సిస్టర్లలో వచ్చిన తేడాలను కొలిచి సరిచేస్తాయి. తాత్కాలిక నీడలు మర్నాటికల్లా మాయమవడం దీని చలవే. దాదాపు గంటసేపు పట్టే పెద్ద విడత ఇంకోటి ఉంది. అది దాదాపు 2,000 గంటలకోసారి దానంతటదే నడుస్తుంది, మెనూలోంచి మనం కూడా నడపవచ్చు. అరిగిన పిక్సెల్‌కు కాస్త ఎక్కువ కరెంటు ఇచ్చి మిగతా వాటితో సమానం చేయడం దీని సారం. ఎక్కువ కరెంటు ఇవ్వడానికి కొంత మిగులు ఉండాలి. ఆ మిగులు అయిపోయాక సరిచేయడానికి ఏమీ ఉండదు. దీన్ని పదేపదే నడిపితే తెర కొత్తదవుతుందన్న ఆశ తప్పు. పైగా దీని వల్ల ప్యానెల్ మీద ప్రభావం పడవచ్చని, ఏడాదికి ఒకసారికి మించి నడపవద్దని సోనీ తన సూచనల్లో రాసింది.

ఇక్కడొక చిన్న అలవాటు పెద్ద తేడా తెస్తుంది. రిమోట్‌తో ఆపిన వెంటనే గోడ దగ్గర స్విచ్ కూడా కట్టేస్తే, స్టాండ్‌బైలో జరగాల్సిన ఈ సరిచేత మొదలయ్యే అవకాశమే ఉండదు. రోజూ అలా చేసే ఇంట్లో తాత్కాలిక నీడలు పేరుకుపోయి శాశ్వత మచ్చల్లా కనిపిస్తాయి. బర్న్-ఇన్ అని సర్వీస్ సెంటర్ దాకా వెళ్లిన కొన్ని తెరలు ఒకట్రెండు పూర్తి విడతలు నడవనిస్తే శుభ్రపడేది ఇందుకే.

ఎల్‌సీడీకి ఏ గండమూ లేదా

ఎల్‌సీడీలో పిక్సెల్ వెలుగివ్వదు, వెనక నుంచి వచ్చే వెలుగుకు తలుపు తీస్తుంది, మూస్తుంది. కాబట్టి ఓఎల్‌ఈడీ తరహా బర్న్-ఇన్ దానికి లేదు. లిక్విడ్ క్రిస్టల్‌లోని సూక్ష్మ మలినాలు ఒకవైపు పేరుకుంటే తాత్కాలిక నీడలు వస్తాయి. దీన్ని తప్పించడానికే వోల్టేజీ దిశను ప్రతి ఫ్రేముకూ తిరగేస్తారు. వచ్చిన నీడ కూడా సాధారణంగా దానంతటదే పోతుంది.

అంతమాత్రాన ఎల్‌సీడీ చిరంజీవి కాదు. వంద టీవీల పరీక్షలో అంచుల్లో మాత్రమే దీపాలుండే పలుచని ఎల్‌సీడీలు కొన్ని గట్టిగా దెబ్బతిన్నాయి. దీపాలన్నీ ఒకే అంచున ఉండటంతో అక్కడ వేడి పోగై, వెలుగును తెరంతా పంచే ప్లాస్టిక్ పలకలు పగలడం, వెనక పొరలు వంకర్లు తిరగడం జరిగింది. బొమ్మ మీద నల్లటి మరకలూ, వెలుగు చారలూ వచ్చాయి. వెనక నిండా దీపాలుండే రకాలు ఇంతకన్నా మెరుగ్గా నిలిచాయి. ఓఎల్‌ఈడీ ఎలా అరుగుతుందో ముందే ఊహించవచ్చు. ఎల్‌సీడీ విషయంలో ఏ భాగం ఎప్పుడు పోతుందో చెప్పడం అంత సులువు కాదు.

మానిటర్లు, ఫోన్లు

కంప్యూటర్ మానిటర్‌గా వాడే ఓఎల్‌ఈడీకి పరీక్ష ఇంకా కఠినం. టాస్క్‌బార్ రోజుకు ఎనిమిది పది గంటలు ఒకే చోట ఉంటుంది. రెండు విండోల మధ్య గీత కూడా తెర నడుమన అలాగే నిలుస్తుంది. మనం చూసేది దగ్గర నుంచి, వెనక ఉండేది ఎక్కువగా తెల్లటి పేజీ. అయినా డెల్ 2022లో తన ఏలియన్‌వేర్ క్యూడీ-ఓఎల్‌ఈడీ మానిటర్‌కు బర్న్-ఇన్‌ను కూడా కలిపి మూడేళ్ల వారంటీ ఇచ్చింది. కంపెనీ తన లెక్క మీద తాను పందెం కాసిందన్నమాట.

ఫోన్లలో ఓఎల్‌ఈడీ ఎప్పుడో మామూలైపోయింది. 2017లో పిక్సెల్ 2 ఎక్స్‌ఎల్ ఫోన్ల మీద కింది బటన్ల నీడలు వారాల్లోనే కనిపిస్తున్నాయన్న ఫిర్యాదులు రావడంతో గూగుల్ వారంటీని రెండేళ్లకు పెంచింది. ఫోన్ తెర ఒకేసారి చాలాసేపు వెలగదు. సగటున మూడు నాలుగేళ్లకు ఫోన్ మార్చేస్తాం. అరుగుదల అక్కడా ఉంది, గమనించేలోపే ఫోన్ చేతులు మారుతుంది. టీవీని పదేళ్లు ఉంచుకోవాలనుకుంటాం కాబట్టే దాని విషయంలో ఇంత చర్చ.

కొత్త ప్యానెల్స్ ఎంతవరకు మార్చాయి

2021 చివర్లో ఎల్‌జీ డిస్‌ప్లే తన ప్యానెల్స్‌లో మామూలు హైడ్రోజన్ స్థానంలో దానికి రెట్టింపు బరువుండే డ్యుటీరియంను వాడుతున్నట్టు ప్రకటించింది. డ్యుటీరియంతో ఏర్పడే బంధం కాస్త గట్టిది, త్వరగా తెగదు. తర్వాత వచ్చిన మైక్రో లెన్స్ పొర, ప్యానెల్ లోపలే తిరిగి వృథా అయ్యే వెలుగును బయటకు లాగుతుంది. అదే వెలుగుకు తక్కువ కరెంటు చాలుతుంది. ఇప్పటి టాండెమ్ ప్యానెల్స్ వెలుగునిచ్చే పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి భారాన్ని పంచుతున్నాయి. రెండు పొరలు కలిసి 1,000 నిట్స్ ఇస్తే ఒక్కోదాని వాటా 500. ఇందాకటి 1.5 ఘాతాంకం ప్రకారం ఒక్కో పొర ఆయుష్షు దాదాపు మూడు రెట్లకు చేరుతుంది.

ఈ మిగులునంతా మన్నికకే కేటాయిస్తే బర్న్-ఇన్ మాట చాలా ఇళ్లలో వినపడేది కాదు. 2025 ప్యానెల్స్‌కు ఎల్‌జీ డిస్‌ప్లే, శాంసంగ్ డిస్‌ప్లే రెండూ 4,000 నిట్స్ గరిష్ఠ వెలుతురు చెబుతున్నాయి. అంటే మిగులులో కొంత మన్నికకు, కొంత మెరుపుకు పోతోంది. ఆ గరిష్ఠ వెలుతురు చిన్న చోట, కొద్దిసేపే వస్తుంది. సినిమాలో సూర్యుడో దీపమో మెరిసే క్షణాలవి. అదే టీవీలో వార్తా చానల్‌ను గరిష్ఠ వెలుతురుతో రోజంతా పెట్టి ఉంచితే, పొరలు పేర్చి సంపాదించిన ఆయుష్షు ఎర్ర పట్టీ కిందే ఖర్చవుతుంది. ఓఎల్‌ఈడీ తీసుకోవాలా వద్దా అని అడిగేవారిని నేను ముందు అడిగేది ఏ మోడల్ అని కాదు, ఇంట్లో రోజూ ఎక్కువసేపు పెట్టే చానల్ ఏది, ఎన్ని గంటలు అని. ఆ జవాబు చేతిలో ఉంటే, వారంటీ కాగితంలో బర్న్-ఇన్ గురించి ఏం రాసి ఉందో చదివి, మిగతా లెక్క ఎవరికి వారు వేసుకోవచ్చు.